పన్నెండుకి ఎనిమిది

మా వంటింటి బల్ల మీద రెండు చదరంగం యంత్రాలు ఎదురెదురుగా కూర్చుని ఆడుకునేవి. వాటికి చేతుల్లేవు కాబట్టి చేతులు మావి. మ్యూనిక్ నుంచి వచ్చిన చెక్క పెట్టెకి నేను, రెండోదైన ట్రానన్‌కి మా ఆయన ఫోల్కె. పెట్టె తన ఎత్తు ఆలోచించుకుని, ఏ గడి నుంచి ఏ గడికి జరపాలో చిన్న ఎర్రదీపాలు వెలిగించి చూపిస్తుంది. నేను ఆ పావుని తీసి అక్కడ నొక్కి, గడుల పేర్లు పైకి చదువుతాను. ఫోల్కె వాటిని ట్రానన్ మీటల మీద కొడతాడు. ట్రానన్ జవాబు చెప్పాక అతను చదువుతాడు, నేను జరుపుతాను. శనివారం పొద్దుటి కాఫీతో మొదలైన ఆట, సాయంత్రం బంగాళాదుంపలు ఉడికే వేళకి గానీ తెమిలేది కాదు. ఆదివారం ఇంకో ఆట. పెళ్ళయిన కొత్తలో కూడా మేమిద్దరం అంతసేపు ఎదురెదురుగా కూర్చున్నది లేదు.

ఈ పిచ్చి మా ఒక్కళ్ళదే కాదు. ఎనభైల చివర్లో స్వీడన్ మొత్తం మీద ఇలాంటివాళ్ళు కొన్ని పదుల మంది ఉండేవాళ్ళు, మా యేవ్లె ఊళ్ళోనే అరడజను. కంపెనీలు తమ చదరంగం పెట్టెల అట్టల మీద నోటికొచ్చిన గొప్పలు అచ్చువేసుకునేవి. ఏది నిజంగా బలమైనదో తేల్చడానికి మా సంఘం వాటిని ఒకదానితో ఒకటి ఆడించేది. గెలుపుకి ఒకటి, డ్రా అయితే చెరి సగం. ఆ ఫలితాలన్నీ కూడి ఒక్కోదాని బలం లెక్కగట్టి పట్టిక వేసేది. జీతం లేదు, భత్యం లేదు. ఇంట్లో భార్యల తిట్లు మాత్రం ఉండేవి. నేను తిట్టే భార్యల్లో చేరకుండా పావులు జరిపే భార్యల్లో చేరాను, అంతే తేడా.

ఫోల్కె మునిసిపాలిటీలో భూముల సర్వేయరు. ఏ కొలతనీ ఒక్కసారికి నమ్మడు. హద్దు మూడుసార్లు కొలిచి, మూడూ కలిస్తే, ఇంత చక్కగా ఎందుకు కలిశాయా అని అనుమానపడి నాలుగోసారి కొలిచే రకం. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడగడానికి ఆరేళ్ళు తీసుకున్నాడు. "ఆ అబ్బాయి నిన్ను ప్రేమిస్తున్నాడా, సర్వే చేస్తున్నాడా?" అని మా అమ్మ అడగనే అడిగింది.

అలాంటి మనిషి తొమ్మిది శీతాకాలాలు కూర్చుని సొంతంగా ఒక చదరంగం ప్రోగ్రామ్ రాశాడు. అదే ట్రానన్. మా భాషలో కొంగ. మంచు కరిగాక బురద పొలాల్లో దిగే కొంగల్లాగా తొందర లేకుండా అడుగు తీసి అడుగు వేస్తుందని ఆ పేరు పెట్టుకున్నాడు. ఒక రేకుడబ్బాలో తీగలూ మీటలూ తనే బిగించి దాన్ని అందులో ఉంచాడు. లోకం మొత్తం మీద ట్రానన్ ఉన్నది ఆ ఒక్క డబ్బాలోనే. ఫోల్కెకి ఉన్న కోరిక కూడా ఒక్కటే. తనకి మొహం తెలియని మనిషెవరో, ఏ ఊళ్ళోనో, రాత్రి భోజనమయ్యాక బల్ల తుడుచుకుని ట్రానన్‌తో ఒక ఆట ఆడాలి. ఓడిపోయి, తల గోక్కుని, మళ్ళీ పావులు సర్దుకోవాలి. డబ్బు మాట అతను ఎప్పుడూ ఎత్తలేదు. ఈ మాట మాత్రం కాస్త మందు పడితే చాలు, ఎవరికైనా చెప్పేసేవాడు.

ఆ కోరిక తీరే దారి ఒక సెప్టెంబరులో మా గుమ్మం దాకా వచ్చింది. మ్యూనిక్‌లో చెక్క చదరంగం పెట్టెలు తయారుచేసే ఒక కంపెనీ మరుసటి ఏడాదికి కొత్త పెట్టె తేవాలనుకుంది. లోపల పెట్టడానికి కొత్త ప్రోగ్రామ్ కావాలి. మా సంఘాన్ని వాకబు చేసి, ఇటువైపు సొంతంగా ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఇద్దరున్నారని తెలుసుకుని, ఇద్దరికీ తమ పాత పెట్టె ఒక్కోటి పంపింది. పెట్టెతోపాటు ఒక్క ప్రశ్న: మీ ప్రోగ్రామ్ దీనికన్నా బలమైనదా? క్రిస్మస్ లోపు చెప్పండి.

ఆ రెండో మనిషి సిక్స్టెన్. పక్కనే సాండ్‌వికెన్‌లో పళ్ళ డాక్టరు, ఫోల్కెకి చిన్నప్పటి స్నేహితుడు. రోగుల నోళ్ళు తెరిపించీ తెరిపించీ తన నోరు మూయడం మర్చిపోయినవాడు. అతని ప్రోగ్రామ్ పేరు బొర్రెన్, పళ్ళు తొలిచే మర. పేరుకి తగ్గట్టే అది ఎదురుగా ఏముందో చూడకుండా దూసుకుపోయేది.

మేము పని మొదలుపెట్టాం. సంఘం నియమం ప్రకారం ఇరవై ఆటలు ఆడితే దాన్నొక పోటీగా లెక్కేస్తారు. శని ఆదివారాలన్నీ దానికే పోయాయి. పుట్టగొడుగులు ఏరడానికి అడవికి వెళ్ళే రోజులు, అయినా వెళ్ళలేదు. మధ్యలో ఒక ఆటలో ట్రానన్ చక్కగా గెలిచింది. నేను సంబరంగా కాఫీ పోస్తుంటే ఫోల్కె ఎత్తులన్నీ మొదటి నుంచి సరిచూసుకుని, నెత్తి పట్టుకున్నాడు.

"నేనొక మీట తప్పు కొట్టాను గున్వోర్. గుర్రాన్ని నువ్వు చెప్పిన గడిలో పెట్టలేదు. పక్క గడిలో పెట్టాను."

"దానివల్లే గెలిచిందా?"

"ఏమో. అసలు ఆట అది కాదుగా. రద్దు."

"మ్యూనిక్ వాళ్ళకి ఎవరు చెబుతారయ్యా? పిల్లి చెబుతుందా?"

"నాకు తెలుసుగా," అన్నాడు. మళ్ళీ ఆడించాం. ఈసారి ట్రానన్ ఓడింది.

ఇరవయ్యో ఆట చూడ్డానికి సిక్స్టెన్ వచ్చాడు, రాగ్నిల్డ్ టీచరమ్మ వచ్చింది. ఆవిడ లెక్కల టీచరుగా రిటైరై మా సంఘం పట్టిక చూసుకునేది. క్రిస్మస్‌కి నాలుగు ఆదివారాల ముందు మాట. కిటికీలో కాగితం నక్షత్రం వెలిగించాను, కుంకుమపువ్వు బన్నులు కాల్చాను. ట్రానన్ ఒక ఏనుగు, మూడు బంట్లతో మిగిలి, పెట్టె రాజుని ఓ మూలకి తోసుకుంటూ పోయి, ఎక్కడా తడబడకుండా గెలిచింది. మొత్తం పన్నెండుకి ఎనిమిది.

సిక్స్టెన్ లేచి చప్పట్లు కొట్టాడు. "ఇంకేంట్రా! రేపే పడేసెయ్ ఉత్తరం. నాది పదమూడుకి ఏడు, మొన్ననే పంపేశా. ఇద్దరివీ చూసుకుని వాళ్ళే ఏరుకుంటారు."

"ఏమని రాయాలి?" అన్నాడు ఫోల్కె.

"బలమైనదని రాయి. ఇంకేం రాస్తావ్, వాతావరణం గురించా?"

"బలమైనదో కాదో నాకింకా తెలీదు కదా."

"ఒరే, పన్నెండు పెద్దదా, ఎనిమిది పెద్దదా? చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు."

"రెండూ సరిసమానమైనవే అనుకో. అయినా ఇరవై ఆటల్లో పన్నెండు ఊరికే పడొచ్చు. నీ పదమూడూ అంతే."

"నా పదమూడు జోలికి రాకు! ఆ రద్దు చేసుకున్న ఆట ఉంచుకునుంటే నీకూ పదమూడే ఉండేవి, తెలివైనోడా."

నాకు నవ్వాగలేదు. ఎందుకంటే ఊరికే పడొచ్చన్న ఈ మాటే అంతకుముందు ఫోల్కె నాకు చెబితే నేనూ నమ్మలేదు. నేను మందుల దుకాణంలో పనిచేసేదాన్ని. మధ్యాహ్నం విరామంలో ఒక క్రోనా నాణెం తీసి ఇరవైసార్లు ఎగరేశాను. బొమ్మ పదమూడుసార్లు పడింది.

"సిక్స్టెన్, నా నాణెం కూడా పదమూడుకి ఏడు తెచ్చింది. బొమ్మ వైపు బలమైనదని దాన్నీ మ్యూనిక్ పంపమంటావా?"

"పంపు వదినా, నిక్షేపంగా పంపు. నీ మొగుడికన్నా అదే నయం, పడ్డాక ఏదో ఒకటి చెబుతుంది."

టీచరమ్మ అప్పటిదాకా బన్ను మీది ఎండుద్రాక్షలు తీసి పక్కన పెట్టుకుంటూ కూర్చుంది. ఫోల్కె ఆవిడ వైపు చూశాడు. ఎన్ని ఆటల ఫలితాన్ని ఎంతవరకు నమ్మొచ్చో మా అందరికీ నేర్పింది ఆవిడే. తన పక్షం మాట్లాడుతుందనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

"నువ్వు చెప్పిన లెక్కలో తప్పు లేదు నాయనా," అంది. "పన్నెండుకి ఎనిమిది రుజువు కాదు. అయితే రుజువు లేదంటే రెండూ సమానమని కాదు కదా. వాళ్ళు రుజువు అడగలేదు. క్రిస్మస్ లోపు ఎవరో ఒకర్ని ఎంచుకోవాలి, అంతే. ఇప్పటికి తెలిసినంతలో మొగ్గు ఎటుందో చెప్పడం అబద్ధం కాదు. మొగ్గు ట్రానన్ వైపుంది. నువ్వు ఆ మాట కూడా అనకపోతే, తెలియకపోయినా తెలుసన్నవాడు పట్టుకుపోతాడు."

"ఆ మాట నాకు తగిలింది టీచరమ్మా," అన్నాడు సిక్స్టెన్.

"తగలాలనే అన్నాను. నువ్వు బన్ను తిను."

ఫోల్కె పావుల్ని ఒక్కొక్కటిగా తీసి మొదటి గడుల్లో సర్దాడు. తర్వాత నెమ్మదిగా, "మొగ్గు చూసి హద్దురాయి పాతితే, రేపు ఇద్దరు రైతులు తలలు పగలగొట్టుకుంటారు టీచర్. తెలియనిది తెలుసని నేను రాయలేను," అన్నాడు.

"ఇది హద్దురాయి కాదయ్యా. చదరంగం పెట్టె. కొనుక్కున్నవాడు ఆడుకుంటాడు. నువ్వు కోరుకున్నదీ అదేగా?"

"నూరు ఆటలైతే చెప్పగలను."

"ఇంకో ఎనభై ఆటలంటే రెండు శీతాకాలాలురా!" అని సిక్స్టెన్ అరిచాడు. వేసవిలో సర్వేయర్లకి ఊపిరాడదు, ఆడితే చలికాలంలోనే ఆడాలి. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

ఆ రాత్రే ఉత్తరం రాశాడు. ఇరవై ఆటల్లో పన్నెండుకి ఎనిమిది వచ్చిందని, దీన్ని బట్టి ట్రానన్ బలమైనదో కాదో చెప్పలేనని, నూరు ఆటలు పూర్తయ్యాక కచ్చితంగా చెబుతానని, దయచేసి అంతవరకు ఆగమని. నాకు చదివి వినిపించాడు.

"ఆగమంటే ఆగుతారా?" అన్నాను.

"నిజం కావలసినవాళ్ళయితే ఆగుతారు."

అప్పుడు నేను గట్టిగా పోట్లాడి ఉండాల్సింది. నిజానికి నాకు కోపం కూడా రాలేదు. నా మొగుడు ఎంత నిక్కచ్చి మనిషి అని లోపల గర్వపడ్డాను. అట్టల మీద అబద్ధాలు అచ్చువేసుకునే లోకంలో నాకు తెలియదని సంతకం పెట్టే మనిషి ఒకడు నా ఇంట్లో ఉన్నాడనుకున్నాను. ఆ గర్వానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

జనవరిలో సిక్స్టెన్ వచ్చాడు. ఎప్పుడూ మెట్ల కిందనుంచే కేకలేసేవాడు, ఆ రోజు తలుపు తట్టి నిలబడ్డాడు. బూట్లు విప్పుతూ విప్పుతూ ఆ బూట్లతోనే మాట్లాడినట్టు, "బొర్రెన్‌ని తీసుకున్నారు," అన్నాడు.

"మంచిదేరా," అన్నాడు ఫోల్కె. చేయి కూడా కలిపాడు.

"ఫోన్ చేసినప్పుడు అడిగానురా, మా ఫోల్కె సంగతి ఏం చేశారని. ఆయన తన ప్రోగ్రామ్ మీద తనకే నమ్మకం లేదని రాశారు కదా అన్నారు."

"నమ్మకం లేదని ఎక్కడ రాశాను? తెలీదని రాశాను."

"అమ్ముకునేవాళ్ళకి రెండూ ఒకటేరా బాబూ."

ఫోల్కె లేచి కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టాడు. నీళ్ళు పోయకుండా పెట్టాడు. నేను వెనకనుంచి వెళ్ళి మంట ఆర్పాను. సిక్స్టెన్ వెళ్ళేముందు నన్ను గుమ్మం దగ్గర ఆపి, "వదినా, నేనేం తప్పు చేయలేదు కదా?" అని అడిగాడు. చేయలేదు. అదే నాకు మండింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక సిక్స్టెన్ మెడకి మఫ్లరు మరీ బిగించి కట్టి పంపాను.

అక్కడితో ఆపేస్తాడనుకున్నాను. ఆ శనివారం పొద్దున్నే రెండు యంత్రాలూ బల్ల మీద పెట్టి, నా కుర్చీ ముందుకి లాగి కూర్చున్నాడు.

"ఇంకా దేనికయ్యా?"

"నూరు ఆటలయ్యాక చెబుతానని రాశాను కదా."

"వాళ్ళకి అక్కర్లేదు ఫోల్కె!"

"నాకు తెలియాలి."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. పోటీ జరుగుతున్నంతకాలం ప్రోగ్రామ్‌ని ముట్టుకోకూడదు. ఒక్క వాక్యం మార్చినా అది వేరే ప్రోగ్రామ్ అయిపోతుంది, పాత ఆటలు కొత్త ఆటలతో కూడవు. మామూలుగా ఫోల్కె ప్రతి ఓటమి తర్వాతా రేకుడబ్బా విప్పి ఏదో ఒకటి సరిచేసేవాడు. తొమ్మిదేళ్ళుగా ట్రానన్ ఎదిగింది అలాగే. ఇప్పుడు దాని చేతులూ కాళ్ళూ కట్టేశాడు. బంట్ల విషయంలో అది చేసే ఒక వెర్రి తప్పు నాకే కనిపించేది, చదరంగం సరిగ్గా రాని నాకు. అది కనిపించినప్పుడల్లా ఫోల్కె పళ్ళు బిగించి మీటలు కొట్టేవాడు.

"ఆ తప్పు సరిచెయ్యరాదూ?"

"ఒక్క సాయంత్రం పని."

"మరి చెయ్యి."

"చేస్తే మళ్ళీ మొదటి ఆట నుంచి లెక్కపెట్టాలి."

అలా రెండు శీతాకాలాలు. బయట లోకం ఆగిందా? అప్పటి యంత్రాల కన్నా రెండింతలు వేగంగా ఆలోచించేవి వచ్చాయి. మా సంఘంలో సగంమంది ఇళ్ళల్లోకి కంప్యూటర్లు దిగాయి. ఇప్పుడైతే ప్రోగ్రాములు ఒకదానికొకటి తగిలించి వదిలేస్తే, మనం పడుకుని లేచేలోగా వేల ఆటలు ఆడేసి ఉంటాయట. ఫోల్కె అడిగిన నూరు ఆటలు వాటికి ఒక కాఫీ తాగినంత సేపు. మాకు మాత్రం అవి రెండేళ్ళ శనివారాలు, ఆదివారాలు. మా అక్క యాభయ్యో పుట్టినరోజుకి వెళ్ళలేదు, ఆ రోజు ఆట సగంలో ఉంది. అక్క దాదాపు ఏడాదిపాటు నాతో ముక్తసరిగా మాట్లాడింది.

ఈలోగా సిక్స్టెన్ ప్రోగ్రామ్ ఉన్న కొత్త పెట్టె దుకాణాల్లోకి వచ్చింది. తళతళలాడే చెక్క, పక్కన ఇత్తడి పలక. ఊరూరా మా సంఘం వాళ్ళు కొని ఆడించారు. మొదటి ఫలితాలు రాగానే టీచరమ్మ మొహం అదోలా పెట్టింది, ఇంకా కొన్ని రానీయండి అంది. ఇంకా వచ్చాయి. రెండు వందల పైచిలుకు ఆటలు కూడేసరికి తేలిపోయింది. కొత్త పెట్టె పాత పెట్టెకన్నా బలమైనది కాదు. నిజానికి వెంట్రుకవాసి తక్కువ.

ఆ పట్టిక వచ్చిన ఆదివారం సిక్స్టెన్ మా వంటింట్లో కూర్చుని, "అయితే నా పదమూడు నీ నాణెం లాంటిదేనన్నమాట వదినా," అని పెద్దగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆపేశాడు. నేను అతని కప్పులో ఇంకాస్త కాఫీ పోశాను. మంచివాడు. ఉన్నదాన్ని చూసి నమ్మాడు, నమ్మినదాన్ని చెప్పాడు. అతని అదృష్టం ఇరవై ఆటల వరకు వచ్చి ఆగిపోయింది, దాని మీద ఒక కంపెనీ పెట్టెలు చేయించుకుంది.

మార్చి నెల, వీధుల్లో మంచు బురదవుతున్న రోజుల్లో నూరో ఆట అయిపోయింది. ఆఖరి ఆట డ్రా. నేను కూడికలు సరిచూశాను, ఫోల్కె సరిచూశాడు, తర్వాత ఫోన్‌లో చదివి టీచరమ్మ చేత కూడా సరిచూయించాడు. అరవై ఒకటికి ముప్ఫై తొమ్మిది.

"ఇది ఊరికే పడేది కాదు," అంది ఆవిడ ఫోన్‌లో. ఆవిడ గొంతు నాకూ వినిపించింది. "నీది బలమైనదే ఫోల్కె. మొదట్నుంచీ బలమైనదే."

ఫోల్కె ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు. ఆరేళ్ళ సర్వే ముగించుకుని నన్ను పెళ్ళాడతావా అని అడిగిన రోజున ఎలా ఉన్నాడో అలా ఉన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "బలమైనదే గున్వోర్!" అన్నాడు. నన్ను ఎత్తి తిప్పబోయి, నడుం పట్టేసి, పొయ్యికి ఆనుకుని నవ్వాడు. నేను ఏడ్చాను. ఎందుకంటే ఇదంతా ఆలస్యమైపోయిందని నాకు అప్పటికే తెలుసు, అతనికి ఇంకా తెలియదు.

వెంటనే మ్యూనిక్‌కి రాశాడు. ఈసారి ఉత్తరం నిండా ఒక్కటే మాట: బలమైనది. కింద అరవై ఒకటికి ముప్ఫై తొమ్మిది. అది పోస్టులో వేసి వచ్చి, మరుసటి ఏడాది పెట్టెకి ఇంకా వ్యవధి ఉందని, ఆ బంట్ల తప్పు కూడా ఇప్పుడు సరిచేయవచ్చని, చెక్క రంగు ఎలాంటిది పెడతారోనని భోజనమంతా మాట్లాడాడు. అతను అంతగా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

జవాబు మర్యాదగానే వచ్చింది. చెక్క పెట్టెలు చేయడం మానేశామని రాశారు. ఇళ్ళల్లోకి కంప్యూటర్లు వస్తున్నాయి, ఆఖరి పెట్టె పాతదానికన్నా బలమైనది కాదని మీ దేశంలోనే పట్టికలో వేశారు, దాంతో అమ్మకాలు పడిపోయాయి. మీ శ్రమకి కృతజ్ఞతలు. అడిగిన రోజునే మీరు ఈ మాట చెప్పి ఉంటే మాకూ బాగుండేది.

ఆఖరి వాక్యం ఫోల్కె రెండుసార్లు చదివాడు. "అడిగిన రోజున నాకు తెలీదుగా," అన్నాడు, వాళ్ళు ఎదురుగా ఉన్నట్టు. నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. ఆ రోజు అతని మీద నాకు ఎంత జాలి వేసిందో అంత కోపమూ వచ్చింది. తప్పు ఏదని అడిగితే చూపించడానికి ఏమీ లేదు. లెక్క సరైనదే, మనిషి సరైనవాడే. అయినా ట్రానన్ రేకుడబ్బాలోనే ఉండిపోయింది. మొహం తెలియని మనిషెవడూ దానితో ఓడిపోలేదు. అది గెలిచిన ఆటలన్నీ మా వంటింట్లోనే, నేను జరిపిన పావుల మీదే గెలిచింది.

ఆ వచ్చే శనివారం అలవాటు కొద్దీ యంత్రాలు రెండూ బల్ల మీద పెట్టాడు. నేనూ అలవాటు కొద్దీ కాఫీ పెట్టుకుని వచ్చి కూర్చున్నాను. ఎందుకని అడగలేదు. పొద్దుటినుంచీ మధ్యాహ్నం దాకా ఆడించాం. ట్రానన్ మొదట పెట్టె బంటుని ఒకదాన్ని కొట్టింది, తర్వాత దాని ఏనుగుని కొట్టింది. పెట్టె రాజు చుట్టూ ఇక దారి లేదు. పెట్టె దీపాలు వెలిగించింది, నేను పావుని నొక్కి గడుల పేర్లు చదివాను.

ఫోల్కె మీటలు కొట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

నేను మళ్ళీ చదివాను, వినపడలేదేమో అని.

అతను చెయ్యి చాచి గోడ దగ్గర ట్రానన్ ప్లగ్గు లాగేశాడు. రేకుడబ్బా మీద పచ్చదీపం ఆరిపోయింది. నా వైపు పెట్టె మాత్రం జవాబు కోసం ఎదురుచూస్తూ ఎర్రదీపం ఆర్పుతూ వెలిగిస్తూ ఉంది.

"గెలుస్తోంది కదయ్యా," అన్నాను.

"తెలుసు," అన్నాడు ఫోల్కె.